ముగ్గురినీ తీసుకురండి, కానీ పెళ్లిలో కలపకండి

ప్రశ్న: మాఘమాసంలో మా చెల్లెలి పెళ్లి. విజయనగరంలో కల్యాణ మండపం తీసుకున్నాం. ముహూర్తం రాత్రి రెండు గంటలు దాటాక. మా అమ్మమ్మకు 83 ఏళ్లు. బొబ్బిలి దగ్గర పల్లెలో మా మావయ్య ఇంట్లో ఉంటుంది. ఆవిడ తమ్ముడికి 79. కుర్రతనంలోనే భిలాయి ఉక్కు కర్మాగారంలో ఉద్యోగానికి వెళ్లి అక్కడే స్థిరపడ్డారు. మేమంతా ‘భిలాయి తాతయ్య’ అంటాం. ముగ్గురిలో చిన్నది మా చిన్నమ్మమ్మ. 76 ఏళ్లు. హైదరాబాదులో కొడుకు దగ్గర ఉంటుంది. పదేళ్ల కిందట మా తాతగారు పోయినప్పుడు ముగ్గురూ ఒకచోట చేరారు. మళ్లీ చేరలేదు. అప్పుడు కూడా తాతయ్యా, చిన్నమ్మమ్మా మాట్లాడుకోలేదు. 1999లో వాళ్ల పుట్టింటిని అమ్మినప్పుడు వాటా దగ్గర వచ్చిన గొడవ అది.

అమ్మమ్మకు ఈమధ్య మతిమరుపు ఎక్కువైంది. అడిగిందే అడుగుతోంది. తాతయ్యకు గుండెలో స్టెంట్లు వేశారు, మోకాళ్ల నొప్పులు కూడా ఉన్నాయి. చిన్నమ్మమ్మకు చెవులు సరిగా వినబడవు, మిషన్ పెట్టుకుంటుంది. ఒకరు వస్తున్నట్టు ఇంకొకరికి చెప్పకుండా ముగ్గురినీ పెళ్లికి రప్పించి, వేదిక మీద హఠాత్తుగా కలపాలని, అదంతా వీడియో తీయించాలని నా ఆలోచన. అమ్మ మాత్రం ‘పెళ్లి పనులకే చేతులు చాలడం లేదు, వాళ్లిద్దరినీ ఎవరు చూసుకుంటారు, వీడియో కాల్‌లో చూపించేద్దాం’ అంటోంది. నలుగురిలో గొడవైతే పరువు పోతుందని కూడా భయపడుతోంది. ఏం చేయమంటారు?
— ఒక మనవరాలు, విశాఖపట్నం

జవాబు: ముగ్గురినీ తీసుకురండి. అమ్మకు నచ్చజెప్పి తీసుకురండి. అయితే వాళ్లను పెళ్లిలో కలపాలన్న ఆలోచన మానుకోండి. ఆ వయసువాళ్లు ఇల్లు కదలడానికి పెళ్లి మంచి కారణం. మనవరాలి పెళ్లంటే కొడుకులు సెలవు పెడతారు, కోడళ్లు సంచి సర్దుతారు, డాక్టరు కూడా సరేనంటాడు. పెళ్లిని అంతవరకే వాడుకోండి. వాళ్లు కలుసుకోవడానికి మాత్రం పెళ్లికి రెండు రోజుల ముందు, అమ్మమ్మ ఉండే ఇంట్లోనే, ఒక పూర్తి రోజు విడిగా పెట్టండి.

మండపంలో పెద్దవాళ్లను ఎలా కూర్చోబెడతామో ఒకసారి గుర్తుచేసుకోండి. ముందు వరసలో, వేదిక వైపు తిప్పిన కుర్చీల్లో, పక్కపక్కన. ఒకరి మొహం ఒకరికి కనబడదు. సన్నాయి, డోలు, మైకులో మంత్రాలు. చెవి మిషన్ పక్కవాళ్ల మాటతోపాటు డోలు చప్పుడునూ పెంచి వినిపిస్తుంది. చాలామంది పెద్దవాళ్లు పెళ్లిళ్లలో దాన్ని తీసి సంచిలో పడేసుకునేది అందుకే. ఏదో ఒక మాట మొదలుపెట్టేలోపు ఎవరో వచ్చి కాళ్లకు దండం పెడతారు. ఫొటోగ్రాఫర్ ఇటు చూడమంటాడు. భోజనాలకు లేవమంటారు. అంతలో కారు వచ్చిందని కబురు. పదేళ్ల తర్వాత కలిసిన అక్కాచెల్లెళ్లు ‘తిన్నావా, ఎలా ఉన్నావు’ అన్న మాట దాటకుండానే విడిపోతారు. ‘మా అమ్మ ఆ రోజు వాళ్ల అక్కతో సరిగా మాట్లాడనే లేదు, కొన్ని నెలలకే పెద్దమ్మ పోయింది’ అని బాధపడుతూ రాసేవాళ్లు ఉన్నారు. మీ ఇంట్లో ఆ మాట వినిపించకూడదు.

హఠాత్తుగా ఎదురుపడేలా చేయడం మీద నా అభ్యంతరం ఇంకా గట్టిది. మీ ప్రేమను నేను శంకించడం లేదు. కానీ మతిమరుపు మొదలైన మనిషికి కొత్త చోటు, దీపాల వెలుగు, గుంపు అన్నీ కలిసి బెదురు పుట్టిస్తాయి. ఆ గందరగోళంలో ముఖం మారిపోయిన తమ్ముణ్ణి తెచ్చి ఎదుట నిలబెడితే ఆవిడ ఎవరో పరాయివాడనుకుని తల తిప్పుకోవచ్చు. స్టెంట్లు వేసిన గుండెతో, నిద్ర లేని రాత్రి, ఆ ముసలాయనకు అది భరించగలిగే సంగతి కాదు. ఇక మాటలు లేని అన్నాచెల్లెళ్లను కెమెరా ముందు నిలబెట్టి చేతులు కలిపిస్తే, నలుగురి ముందు మర్యాద కోసం ఆ కాసేపు నవ్వుతారు. ఇంటికి వెళ్లాక తమను ఇరికించారని కుమిలిపోతారు. అవతలివాళ్లు వస్తున్నారని తెలిసి, ఆలోచించుకుని, రావాలో వద్దో నిర్ణయించుకునే హక్కు వాళ్లది. అందుకే ఇద్దరికీ ముందే చెప్పండి. విడివిడిగా, ఫోనులోనైనా సరే, దాపరికం లేకుండా చెప్పండి: ‘చిన్నమ్మమ్మ కూడా వస్తోంది తాతయ్యా. మీరిద్దరూ మాట్లాడుకోవాలని నేను అడగడం లేదు. అమ్మమ్మను చూడడానికి రండి. ఆవిడకు మతిమరుపు పెరుగుతోంది.’ రాజీ గురించి ఒక్క ముక్క కూడా కలపకండి. అక్కను చూడాలన్న కోరిక ఇద్దరికీ ఉంది. దానికి షరతు పెడితే అదీ పోతుంది.

పిలుపు సంగతి తేలిగ్గా తీసుకోకండి. ఫోనుకు పంపిన శుభలేఖ ఆ తరానికి పిలుపు కాదు. హైదరాబాదులో మీవాళ్లెవరైనా ఇంటికి వెళ్లి, కార్డు చిన్నమ్మమ్మ చేతికే ఇచ్చి పిలవాలి. ఆ వెంటనే ఆమె కొడుకునూ కోడలినీ కూడా అంతే మర్యాదతో పిలవాలి. కొడుకు ఇంట్లో ఉండే తల్లి ‘నేను వెళ్తాను’ అని నోరు తెరిచి అనలేదు. తీసుకెళ్లే మనిషి కావాలి, చార్జీలు కావాలి. రెండింటికీ ఆమె ఒకరి మొహం చూడాలి. 60 దాటిన పురుషులకు, 58 దాటిన స్త్రీలకు రైల్లో ఇదివరకు ఉన్న చార్జీ రాయితీ 2020 మార్చి నుంచి లేదు. కాబట్టి టికెట్లు మీరే తీయండి. ‘మా అమ్మాయి పెళ్లికి మేము రప్పించుకుంటున్నాం’ అని మీ అమ్మ చేత ఒక్క మాట అనిపించండి. భిలాయికి మనిషిని పంపే వీలు లేకపోతే, అమ్మమ్మను ఉదయం పూట, మాట తేటగా ఉన్నప్పుడు, తాతయ్యతో ఫోనులో మాట్లాడించండి. అక్క స్వయంగా ‘రారా’ అంటే ఆ పిలుపు బరువు వేరు.

ఇక ఆ ఇంటి గొడవ. అలాంటి గొడవ ఆ తరం అన్నాచెల్లెళ్ల మధ్య చాలా ఇళ్లలో ఉంది. దానికి వాళ్ల గుణం కంటే వాళ్ల కాలమే ఎక్కువ కారణం. ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లకు కొడుకుతో సమాన హక్కు ఆంధ్రప్రదేశ్‌లో 1985 సెప్టెంబరు నుంచి వచ్చింది. అదీ అప్పటికి పెళ్లికాని వాళ్లకే. అంతకు ముందే పెళ్లయిన మీ అమ్మమ్మ, చిన్నమ్మమ్మ లాంటివాళ్లు గీతకు అవతలే మిగిలిపోయారు. 2005లో కేంద్రం హిందూ వారసత్వ చట్టాన్ని సవరించి, పెళ్లితో సంబంధం లేకుండా కూతుళ్లందరికీ ఆ హక్కు ఇచ్చింది. కానీ 2004 డిసెంబరు 20కి ముందు జరిగిపోయిన అమ్మకాలనూ పంపకాలనూ అది తాకదు. మీరు చెప్పిన అమ్మకం 1999 నాటిది. ఆ ఇల్లు వాళ్ల తండ్రి స్వార్జితమైతే లెక్క మళ్లీ వేరు. వీలునామా లేని స్వార్జితంలో కూతుళ్లకూ కొడుకులతో సమాన వాటా 1956 చట్టంలోనే ఉంది. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, చిన్నమ్మమ్మ అడిగింది అత్యాశ కాదని మీకు తెలియాలి. ఊరంతా నడుస్తున్న పద్ధతిలోనే నడిచానని తాతయ్య అనుకుని ఉండవచ్చనీ తెలియాలి. ఎవరిది ఒప్పో తేల్చే పని మాత్రం పెళ్లి నాలుగు రోజుల్లో మీరు పెట్టుకోకండి. ఇంకెవరినీ పెట్టుకోనివ్వకండి.

నా అనుమానం పెద్దవాళ్ల మీద కాదు, పిల్లల మీద. ఇన్నేళ్ల తర్వాత కూడా ఇలాంటి పంతాలు బతికి ఉండడానికి తరచు కొడుకులూ కూతుళ్లే కారణం. ‘మా అమ్మకు అన్యాయం చేశారు’, ‘మా నాన్నను అన్ని మాటలన్నారు’ అంటూ రెండో తరం ఆ మంటను ఎగదోస్తూ ఉంటుంది. చిన్నమ్మమ్మ కొడుకుతో, తాతయ్య పిల్లలతో ముందే మాట్లాడండి. పెళ్లిలో ఆ ఇంటి ఊసు వద్దని ముఖం మీదే చెప్పండి. మీరు చిన్నవారు కాబట్టి ఈ మాట మీ మావయ్య చేత చెప్పించడం మేలు.

ప్రయాణాల దగ్గరికి వద్దాం. తాతయ్యకు ఇప్పుడు మంచి వీలు ఉంది. భిలాయి పక్కనే ఉన్న దుర్గ్ నుంచి విశాఖపట్నానికి 2024 సెప్టెంబరులో వందే భారత్ రైలు వచ్చింది. పొద్దున్నే బయలుదేరి మధ్యాహ్నానికి మన వైపు వచ్చేస్తుంది. పార్వతీపురంలోనూ విజయనగరంలోనూ ఆగుతుంది. పగటి ప్రయాణం కాబట్టి పై బెర్తు బాధ లేదు. మరుగుదొడ్లు కూర్చునేందుకు వీలుగా ఉంటాయి. అమ్మమ్మ ఊరు బొబ్బిలి దగ్గరే కాబట్టి ఆయన పార్వతీపురంలో దిగితే రోడ్డు ప్రయాణం తగ్గుతుంది. రైలు ఆగేది కొద్ది నిమిషాలే. మోకాళ్ల నొప్పులున్న మనిషి స్టేషన్ వచ్చాక లేవడం మొదలుపెడితే దిగలేడు. బోగీ నంబరు ముందే తెలుసుకుని, ఆ తలుపు దగ్గర మీ మనిషి సిద్ధంగా ఉండాలి. గంటకో గంటన్నరకో ఒకసారి లేచి నాలుగు అడుగులు వేయమని, గుండె మందుల్లో ఒక్క పూట కూడా తప్పవద్దని ఆయనకు గట్టిగా చెప్పండి. బయలుదేరే ముందు ఆయన డాక్టరుతో ఒక మాట అనిపించుకోవడం తప్పనిసరి.

చిన్నమ్మమ్మ రాత్రి రైల్లో వస్తే కింది బెర్తు కావాలి. 60 దాటిన పురుషులకు, 45 దాటిన స్త్రీలకు రైల్వేలో కింది బెర్తుల కోటా ఉంది. దానితో ఒక చిక్కు కూడా ఉంది. ఆ కోటా ఒంటరిగా వెళ్లేవాళ్లకు, లేదా అదే వయసు అర్హత ఉన్న ఇద్దరు ఒకే టికెట్ మీద వెళ్తేనే దొరుకుతుంది. తోడు వచ్చే మనవణ్ణి కూడా అదే టికెట్‌లో చేర్చారంటే కోటా పోయినట్టే. ఆమెకు కోటాలో ఒక టికెట్, మనవడికి వేరుగా ఇంకొకటి తీయండి. రిజర్వేషన్లు ఇప్పుడు ప్రయాణానికి 60 రోజుల ముందు మాత్రమే తెరుస్తున్నారు. మాఘంలో అందరికీ పెళ్లిళ్లే కాబట్టి తెరిచిన రోజు ఉదయమే కూర్చుని తీయండి. విమానంలో విశాఖకు రప్పించే స్తోమత ఉంటే ఇంకా మంచిది. టికెట్ తీసేటప్పుడే చక్రాల కుర్చీ కావాలని రాయించండి. చెవి మిషన్ బ్యాటరీలు రెండు మూడు అదనంగా పెట్టమనండి. అవి అయిపోతే ఆమెకు పెళ్లంతా మూగసినిమాయే.

ఇప్పుడు అసలు రోజు. మావయ్య ఇంట్లో అన్నాను కదా, ఆ ఇంట్లో చాకిరీ చేసేది మీ అత్తయ్య. ముందు ఆవిడను అడగండి. పెళ్లి ముందు ఇంటికి అదనంగా నలుగురైదుగురు వస్తే ఆవిడ నడుము విరిగిపోతుంది. వాళ్లు ఉన్న రోజులకు వంటమనిషిని పెట్టండి, లేదా భోజనాలు బయట నుంచి తెప్పించండి. చిన్నప్పుడు వాళ్లమ్మ చేసి పెట్టిన వంటకం ఏదైనా ఉందేమో చిన్నమ్మమ్మను ముందే అడిగి, అదొక్కటి మాత్రం ఇంట్లో చేయించండి.

ఉదయం కాఫీలయ్యాక మొదలుపెట్టండి. మతిమరుపు ఉన్నవాళ్లకు పొద్దున పూట తెలివి తేటగా ఉంటుంది. చీకటి పడే వేళకు అయోమయం పెరుగుతుంది. కుర్చీలు వరసగా కాకుండా ఒకదానికొకటి ఎదురుగా, మోకాళ్లు తగిలేంత దగ్గరగా వేయండి. తాతయ్యకు చేతులున్న ఎత్తు కుర్చీ వేయండి. చిన్నమ్మమ్మను కిటికీకి వీపు పెట్టి కూర్చోబెట్టండి. అప్పుడు మిగతా ఇద్దరి ముఖాల మీద వెలుతురు పడుతుంది. సగం వినీ, సగం పెదవులు చూసీ ఆమె మాట పట్టుకుంటుంది. వినబడదని అందరూ అరుస్తారు. అరిస్తే మాట చెదిరిపోతుందే తప్ప తేటపడదు. ఎదురుగా కూర్చుని, కొంచెం నిదానంగా, మామూలు గొంతుతో మాట్లాడితే చాలు. అమ్మమ్మను మధ్యలో ఉంచండి. టీవీ కట్టేయండి. ఆ తర్వాత మీరంతా బయటికి వెళ్లిపోండి. ఎవరైనా ఒకరు వసారాలో, పిలిస్తే పలికే దూరంలో ఉంటే చాలు. కొడుకులూ కోడళ్లూ చుట్టూ నిలబడి ఉంటే ఆ ముగ్గురూ అమ్మమ్మగా, తాతయ్యగానే ఉంటారు. పిల్లలు లేనప్పుడే వాళ్లు మళ్లీ అక్కా తమ్ముడూ చెల్లెలూ అవుతారు.

అంతకు ముందే తాతయ్యతోనూ చిన్నమ్మమ్మతోనూ విడిగా మాట్లాడాల్సినవి కొన్ని ఉన్నాయి. అమ్మమ్మ వాళ్లను వెంటనే గుర్తుపట్టకపోవచ్చు. తమ్ముణ్ణి చూసి ‘నాన్నా’ అని పిలిచినా ఆశ్చర్యం లేదు. ‘కాదు, నేను నీ తమ్ముణ్ణి’ అని గట్టిగా దిద్దవద్దనండి. పక్కన కూర్చుని, చేయి పట్టుకుని, పాత సంగతులు ఎత్తుకోమనండి. ఈ జబ్బులో నిన్నటివి ముందు పోతాయి, చిన్ననాటివి చాలాకాలం నిలుస్తాయి. బొబ్బిలి నుంచి సాలూరు వెళ్లే చిన్న రైలు, విజయదశమి తర్వాతి మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమాను చూడడానికి విజయనగరం వెళ్లిన రోజులు, ఇంటి వెనక చెట్లు, పంతులుగారి బెత్తం. అక్కడి నుంచి మొదలుపెడితే ఆవిడే దారి పట్టుకుంటుంది. తాతయ్య కుర్రతనంలో భిలాయి వెళ్లే నాటి ఫొటో ఉంటే పెద్దగా ముద్రించి తెమ్మనండి. ఇప్పటి ముఖం కంటే ఆ ముఖమే అమ్మమ్మ మనసులో ఉంది.

ఇంకొకటి జరగవచ్చు. అమ్మమ్మ ఆ గొడవనే మరిచిపోయి ఉండవచ్చు. ‘ఏమే, అన్నయ్యతో మాట్లాడవేం?’ అని అందరి ముందూ అడిగేయవచ్చు. జవాబు వచ్చాక మళ్లీ పావుగంటకు అదే అడగవచ్చు. దీనికి ఇద్దరినీ సిద్ధం చేసి ఉంచండి. ఆ ప్రశ్నకు వాళ్లు ఏం చెప్పుకుంటారో, చెప్పుకోకుండా ఊరుకుంటారో అది వాళ్లిష్టం. మీరు మధ్యలోకి వెళ్లి సర్దిచెప్పకండి. రోజంతా ఒకరితో ఒకరు ఒక్క మాటా మాట్లాడకుండా, అక్కకు చెరొక పక్కన కూర్చుని లేచినా దాన్ని ఓటమిగా లెక్కించకండి. ఒకే కప్పు కింద అన్నం తిన్నారు. 1999 తర్వాత అది చిన్న సంగతి కాదు.

మతిమరుపు గురించి ఇంకో మాట. అమ్మమ్మను పెళ్లిలోపు ఒకసారి డాక్టరుకు చూపించండి. బి12 తక్కువైనా, థైరాయిడ్ తేడా చేసినా మతిమరుపు పెరుగుతుంది. అలాంటిది కొంత మందులతో తగ్గే వీలుంది. ‘వయసు కదా’ అని వదిలేయవద్దు.

అలాగే మండపంలో ఆవిడను ఒక హింస నుంచి కాపాడండి. పెళ్లికి వచ్చిన ప్రతివాళ్లూ ముసలావిడ ముందు వంగి ‘నేనెవరో చెప్పుకో చూద్దాం’ అంటారు. ప్రేమతోనే అంటారు. గుర్తురాక ఆవిడ అటూ ఇటూ బేలగా చూస్తుంటే చుట్టూ ఉన్నవాళ్లు నవ్వుతారు. ఒకరు వెళ్లగానే ఇంకొకరు. మంచి జ్ఞాపకశక్తి ఉన్నవాళ్లకే అది పరీక్ష, ఆవిడకు అది అవమానం. ఆవిడ పక్కన ఒక మనవణ్ణో మనవరాలినో కూర్చోబెట్టండి. ఎవరు వచ్చినా వాళ్లు అడిగేలోపే ‘అమ్మమ్మా, పార్వతీపురం పెద్దమ్మ రెండో కొడుకు వచ్చాడు’ అని పేరుతో, వరసతో చెప్పడమే ఆ పిల్ల పని. వేరే ఏ పనీ అప్పజెప్పకండి. ఆ మనిషి మీరు కాలేరు. పెళ్లికూతురి అక్కకు ఆ రాత్రి ఊపిరి సలపదు. కాలేజీ చదువుతున్న పిల్లల్లో నెమ్మదస్తులను చూసి ఇప్పుడే ఒప్పించుకోండి. మీ అమ్మ ‘ఎవరు చూసుకుంటారు’ అన్నదానికి జవాబు అదే.

మండపానికి మీరు ఈ వారమే వెళ్లి చూడాల్సింది మరుగుదొడ్లు. కింది అంతస్తులో గది ఉందా, అందులో కూర్చునే మరుగుదొడ్డి ఉందా, నేల జారుతుందా? ఇది సరిగా లేదని తెలిస్తే పెద్దవాళ్లు ఏం చేస్తారో తెలుసా, పొద్దుటి నుంచీ నీళ్లు తాగడం మానేస్తారు. సాయంత్రానికి కళ్లు తిరుగుతాయి. ‘ఉపవాసం వల్ల’ అని అందరూ అనుకుంటారు. గది లేకపోతే దగ్గర్లో లాడ్జిలో కింది అంతస్తు గది తీసుకోండి. ఆ ఖర్చు పూల అలంకరణలో తగ్గించుకోండి. భోజనం నిలబడి తినేది కాకుండా బల్ల మీద వడ్డించండి. రాత్రి ఎనిమిది లోపే, మందుల వేళకు తినిపించేయండి. ముహూర్తం రెండు తర్వాత కాబట్టి తొమ్మిదికి పడుకోబెట్టి, జీలకర్ర బెల్లానికి అరగంట ముందు లేపి తీసుకురండి. శాలువాలు మరవకండి, మాఘం చలి ఆ వేళ ఎముకల్లోకి దిగుతుంది. తలంబ్రాలు చూశాక పంపేయండి. అప్పగింతల దాకా కూర్చోబెట్టవద్దు. ఛాతీలో బరువు, చెమటలు, ఆయాసం అని తాతయ్య అంటే ఎవరినీ సంప్రదించకుండా 108కి ఫోను చేయాలని ఆ పిల్లలకు చెప్పి ఉంచండి.

అడగకపోయినా ఒక సంగతి చెప్పాలి. మీ తాతగారు లేరు. పెళ్లి మాట ఎత్తిన దగ్గర నుంచీ అమ్మమ్మ తనంతట తానే ఒక మూలకు జరిగి ఉంటుంది. పసుపు కొట్టేటప్పుడు ఎదురు రాకూడదని, మంగళసూత్రం తాకకూడదని, పెళ్లికూతురు బయలుదేరేటప్పుడు గదిలో ఉండాలని. మనవరాలి పెళ్లిలో ఆవిడ తలుపు చాటున నిలబడడం నాకు నచ్చని సంగతి. భర్త పోయినంత మాత్రాన ఆవిడ దీవెన బలం తగ్గదు. అయితే ఆదర్శం పేరుతో ఆవిడను ఉన్నట్టుండి వేదిక మీదకు లాక్కురాకండి. జీవితమంతా నమ్మిన పద్ధతి అది. నలుగురి చూపులూ పడితే ఆవిడే కుంచించుకుపోతుంది. ముందే పెళ్లికూతురు వెళ్లి అడగాలి: ‘అమ్మమ్మా, మొదటి అక్షింతలు నువ్వే వేయాలి.’ పురోహితుడికి, మగపెళ్లివారి పెద్దలకు మీ నాన్నగారు ముందుగా చెప్పి ఉంచాలి. అంతా ఒప్పుకున్నాక కూడా ఆవిడ వద్దంటే బలవంతం చేయకండి. పెళ్లికూతురినే ఆవిడ గదికి పంపి, తమ్ముడూ చెల్లెలూ పక్కన ఉండగా ముగ్గురి చేతా ఒకేసారి అక్షింతలు వేయించండి. చిన్నమ్మమ్మా తాతయ్యా ఒకే పళ్లెంలో చేతులు పెట్టేది బహుశా అక్కడే.

వీడియో కాల్ సరిపోతుందని మీ అమ్మ అన్నారు. ఆవిడ మీద కోపం తెచ్చుకోకండి. కూతురి పెళ్లి నెత్తిన పెట్టుకుని, మతిమరుపుతో ఉన్న తల్లిని కనిపెట్టుకుని ఉన్న మనిషి. కానీ ఫోనులో ముసలివాళ్లు ఎలా మాట్లాడుకుంటారో ఆవిడకూ తెలుసు. ఒకరి నుదురు, ఒకరి చెవి కనబడతాయి. ‘వినబడుతోందా’ అనడంతో సగం సమయం పోతుంది. అంతలో ఎవరో ఫోను లాక్కుని ‘సరే, ఉంటాం’ అంటారు. అమ్మమ్మకు తెర మీది మనిషి ఎదురుగా ఉన్నట్టా కాదా అన్నదే అర్థం కాకపోవచ్చు. మీ అమ్మ దగ్గర ఈ వాదన పెట్టకండి, పనుల జాబితా పెట్టండి. టికెట్లు ఎవరు తీస్తారు, స్టేషన్‌కు ఎవరు వెళ్తారు, రాత్రి ఎవరు పక్కన ఉంటారు అన్నది కాగితం మీద పేర్లతో రాసి చూపిస్తే ఆవిడ భయం సగం తగ్గుతుంది.

తిరుగు టికెట్లు పెళ్లి మర్నాటికి తీయకండి. రాత్రంతా మేల్కొన్న ఒళ్లు ఒక రోజు విశ్రాంతి అడుగుతుంది. వెళ్లేటప్పుడు ముగ్గురూ ఏడుస్తారు. ‘ఇదే ఆఖరి చూపు’ అని ఎవరో ఒకరు అంటారు. అప్పుడు మీరంతా చుట్టూ చేరి ‘ఛ, అలా అనకండి, మళ్లీ మనవడి పెళ్లికి వస్తారుగా’ అని నోరు మూయించకండి. అది నిజం కావచ్చునని వాళ్లకు తెలుసు. ఆ మాట అనుకోవడానికే అంత దూరం వచ్చారు. అననివ్వండి. కారు పది నిమిషాలు ఆలస్యంగా కదిలినా ఫరవాలేదు, రైలుకు అంతకు ముందే బయలుదేరేలా చూసుకోండి.

ముహూర్తం తేదీ నుంచి 63 రోజులు వెనక్కి లెక్కపెట్టి, ఆ రోజును కేలండర్‌లో గుర్తుపెట్టుకోండి. ఉదయాన్నే కలిసి కూర్చోవాలంటే అంతకు ముందు రోజుకే, అంటే పెళ్లికి మూడు రోజుల ముందు చేరాలి కాబట్టి రిజర్వేషన్ తీయాల్సింది దాదాపు ఆ రోజే. రాత్రి రైలైతే ఇంకొక రోజు ముందు. ఈ వారంలో మీ అత్తయ్యను అడగండి, మండపం చూసి రండి. ఆ తర్వాత భిలాయికి ఫోను చేయించండి, అమ్మమ్మ చేతే, ఉదయం పూట.